సుద్దగీత దాటినవాడు

"కదిలాడు! మళ్లీ కదిలాడు!"

పరితోష్ అరుపుకి గదిలో తొమ్మిది కుంచెలు ఆగిపోయాయి.

రథీన్‌దా లేచి వచ్చి వంగి చూశాడు. స్టూలు కాలు సుద్దగీతకి నాలుగు వేళ్లు అవతల ఉంది. దాని మీద కూర్చున్న ముసలాయన ఖగేన్‌బాబు, దొరికిపోయిన పిల్లాడిలా నవ్వాడు.

ఉత్తర కలకత్తాలోని ఆ మూడో అంతస్తు గదిలో ఆదివారం పొద్దున ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి బొమ్మలు వేసుకోవడం ఇరవై ఏళ్ల ఆనవాయితీ. స్టూలు కాళ్ల చుట్టూ, మనిషి పాదాల చుట్టూ సుద్దముక్కతో గీస్తారు. టీకి లేచినా తిరిగి వచ్చి ఆ గీతల్లోనే కూర్చోవాలి. గీత దాటితే మహాపరాధం.

"గీతలో కూర్చోమంటే అంత కష్టమా ఖగేన్‌దా?" అన్నాడు రథీన్‌దా. ఆ బృందానికి పెద్ద ఆయనే.

"నేను ఉన్నచోటే ఉన్నానయ్యా."

"అయితే నేలే నడిచిందంటారు!"

అందరూ గొల్లున నవ్వారు. పరితోష్‌కి మాత్రం ఒళ్లు మండింది. సుద్దముక్క తీసుకుని, స్టూలు జరిగిన చోట సాక్ష్యంగా సున్నా చుట్టాడు. ఆరు ఆదివారాలుగా పట్టుకున్నప్పుడల్లా అలా చుడుతూనే ఉన్నాడు.

అతని బాధ అతనిది. శ్మశానఘాట్ సందులో అతనికో చిన్న కొట్టు ఉంది. పోయినవాళ్ల ఫోటో తెచ్చిస్తే శ్రాద్ధం నాటికి రంగుల పటం వేసిస్తాడు. "ముక్కులో గొట్టం తీసేయండి దాదా" అంటారొకరు. "కాస్త నవ్వు పెట్టండి, బతికుండగా ఎలాగూ నవ్వలేదు" అంటారింకొకరు. పదకొండేళ్లుగా ఇదే వరస. చెయ్యి తిరిగింది కానీ మనసు మొద్దుబారింది. ఆ సందులోకి వచ్చిన దారే గానీ పోయే దారి లేకుండా పోయింది.

చలికాలంలో ఈ బృందం పెట్టే ప్రదర్శన ఒక్కటే అతని ఆశ. బతికున్న మనిషి బొమ్మ ఒక్కటి అక్కడ నిలబడితే చాలు, బతికున్నవాళ్లు తనని వెతుక్కుంటూ రాకపోతారా! ఖగేన్‌బాబు మొహం చక్కగా కుదురుతోంది కూడా. ఆ మనిషే కుదురుగా ఉండడు.

"శవాలే నయం. పెట్టినచోట ఉంటాయి" అనేశాడు.

నవ్వులు ఆగిపోయాయి.

ఖగేన్‌బాబు తల ఊపాడు. "నిజమే బాబూ. వాటికేం తొందర?"

"రథీన్‌దా, ఈయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

పరితోష్ పంతమే నెగ్గింది. ఆ పూట టీ, సమోసా ఇచ్చి ముసలాయన్ని ఇక రావద్దన్నారు.

ఆయన చెప్పులు తొడుక్కుంటూ పరితోష్ వేస్తున్న పటం ముందు ఆగాడు.

"ఎడమ చెంప మీద నీడ బాగా పట్టావు బాబూ. ఇంక దాని జోలికి పోకు."

'చెప్పొచ్చాడు పెద్దమనిషి' అనుకున్నాడు పరితోష్.

మరుసటి ఆదివారం వ్యాయామశాల పహిల్వాన్ ఒకడు వచ్చి కూర్చున్నాడు. మూడు గంటలపాటు రెప్ప కూడా వేసినట్టు లేదు. గీత దాటే ప్రసక్తే లేదు.

బొమ్మలు మాత్రం ఒక్కరికీ కుదరలేదు. తొమ్మిదింటికి ముక్కు పక్కన ఉన్న నీడ పదింటికి బుగ్గంతా పాకింది. పదకొండింటికి మొహమంతా మసే.

"ఏమిట్రా ఇది, మన చేతులకి దిష్టి తగిలిందా?" అన్నాడు రథీన్‌దా.

పరితోష్ గోడకి ఆనించి ఉన్న ఖగేన్‌బాబు పటాన్ని తిప్పి చూశాడు. ఆరు ఆదివారాల పని. ఎడమ చెంప నీడ ఎక్కడా చెదరలేదు.

అప్పుడు నేల చూశాడు. తను కోపంగా చుట్టిన సున్నాలు ఇంకా చెరిగిపోలేదు. ఒకదాని పక్కన ఒకటి ఒంపు తిరిగి ఉన్నాయి. కిటికీలోంచి పడ్డ ఎండ మూడో సున్నా మీద ఉంది. అతను చూస్తుండగానే మెల్లగా నాలుగోదాని మీదికి జరిగింది.

ఆయన ఎండ వెంట జరిగాడు. ఎండ ఎటు తిరిగితే మొహం అటు తిప్పుకున్నాడు. మొహం మీది వెలుగుని ఉన్నచోటే ఉంచాడు.

"తొమ్మిది మందిమి ఉండి స్టూలు కాళ్లు చూశాం, రథీన్‌దా! వెలుగు చూసినవాడు ఒక్కడూ లేడు!"

సిగ్గుతో పరితోష్ తల ఎత్తలేకపోయాడు. పటం చంకలో పెట్టుకుని, చిరునామా అడిగి, కాళ్లు పట్టుకునైనా ఆయన్ని వెనక్కి తీసుకువద్దామని పరుగెత్తాడు.

తలుపు తీసిన ఆడమనిషి మైలలో కట్టే తెల్లచీరలో ఉంది. జుట్టుకి నూనె లేదు. పరితోష్‌కి విషయం అర్థమైపోయింది.

"బుధవారం పోయారు. నిద్రలోనే" అంది ఆమె. ఖగేన్‌బాబు కూతురు జూథిక. అతని చేతిలో ఉన్న పటం చూసి ఆమె రెండు చేతులూ చాచింది.

"నాన్నే! అచ్చం నాన్నే! ఘాట్ సందులో పటాలు వేసేది మీరే కదా దాదా? మీ దగ్గరికే వద్దామనుకున్నాను. ఇవ్వడానికి ఫోటో లేక ఆగిపోయాను. శ్రాద్ధానికి ఇది ఇస్తారా?"

అతను పటాన్ని ఒకసారి చూసుకున్నాడు. పదకొండేళ్లలో బతికున్న మొహం కుదిరింది ఇదొక్కటే. దానికీ దండే పడుతోంది.

పటం ఆమె చేతికిచ్చి, ఏదో ఒకటి మాట్లాడాలి గనక అడిగాడు.

"ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటైనా లేదా అమ్మా?"

"నాటకాల వాళ్లు వేలకి వేలు తీశారు దాదా" అంది జూథిక, "ఒక్కదాంట్లోనూ నాన్న పడలేదు, నలభై రెండేళ్లు చీకట్లో నిలబడి వాళ్లందరి మొహాల మీదా లైటు వేసింది ఆయనే కదా."