టైరు తడిమే చెయ్యి

"రెండంచులూ సమంగా అరిగాయి. ఇది గాలి తక్కువైన అరుగుడు బాబూ. అలైన్‌మెంట్ జోలికెళ్ళకు."

కారు ముందు టైరు మీద అరచెయ్యి ఆనించి ఆ మాట అన్నది, వీధి మూల బండ్లు తుడిచే గుడ్డలు అమ్ముకునే ఆవిడ.

ఎదురుగా చక్రాల వంకర సరిచేసే అలైన్‌మెంట్ షాపు గుమ్మంలో నిలబడ్డ మేస్త్రి చెవిన అది పడనే పడింది.

కారాయన షాపు దాకా వచ్చి, గాలి మాత్రం చూడమన్నాడు. మేస్త్రి మీటరు పెట్టి చూశాడు. ఉండాల్సినదాంట్లో సగమే ఉంది.

"చూశారా, చెయ్యి పెట్టి చెప్పేసింది" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు కారాయన.

మేస్త్రి మీటరుని బల్ల మీదకి విసిరేశాడు.

ఇరవై ఏళ్ళ అనుభవం తనది. కొత్త కంప్యూటర్ యంత్రం తనది. అడిగేది మాత్రం ఆవిడని. కొందరు ఆవిడతో మాట్లాడి అటునుంచి అటే పోతారు. షాపులోకి వచ్చేవాళ్ళు కూడా ముందు అక్కడ ఆగి వచ్చేవాళ్ళే. పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదే కాబోలనుకున్నాడు.

ఆవిడెవరో ఎవరికీ సరిగా తెలీదు. "మా ఆయన లారీ నడిపేవాడు, పక్కన కూర్చుని తిరిగాను" అని మాత్రం చెప్పేది.

"గుడ్డలమ్ముకునే మనిషి మీద నీకు కుళ్ళేమిటి?" అంది మేస్త్రి భార్య.

"కుళ్ళు కాదు. నా నోటి దగ్గర కూడు లాక్కుంటోంది."

"ఓహో, కుళ్ళుకి ఆ పేరు కూడా ఉందా?"

ఆ సాయంత్రమే మేస్త్రి వీధి దాటి ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.

"ఏమ్మా, తాతకు దగ్గులు నేర్పుతున్నావా?"

"నేర్పడానికి నాకేం వచ్చు బాబూ. తడిమితే తెలుస్తుందంతే. సరిచెయ్యడం నీ పని."

ఆ నెమ్మదితనం చూసి అతనికి ఇంకా ఒళ్ళు మండింది.

మర్నాడు పొద్దున్నే షాపులోని పాత టైర్లన్నీ దొర్లించుకుంటూ పోయి ఆవిడ కూర్చునే చోట కుప్ప పోశాడు.

ఆవిడ మూటతో వచ్చి కుప్ప చూసింది.

"ఇవి ఇక్కడే ఉంటాయా బాబూ?"

"ఇక్కడే ఉంటాయి."

"సరే."

దించబోయిన మూట మళ్ళీ నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజంతా మేస్త్రి ఈల వేస్తూ పనిచేశాడు.

వారం గడిచింది. నెల గడిచింది. బండ్లు మూల తిరిగి, ఆగకుండా పోతున్నాయి. యంత్రం మీద కప్పిన గుడ్డ తియ్యాల్సిన అవసరమే రావడం లేదు.

"ఇప్పుడు ఆవిడ లేదుగా. మరి కూడు నోటిదాకా వచ్చిందా?" అని అడిగింది భార్య.



రెండు నెలలకి ఒక వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు దిగి టైర్ల కుప్ప వైపు చూశాడు.

"ఇక్కడ ఒకావిడ ఉండాలి కదండీ. ఎక్కడికెళ్ళింది?"

"నాకేం తెలుసు? టైరు సంగతి చూసేది నేను. ఆవిడతో నీకేం పని?"

"పని మీతోనే అండి. కాకపోతే మా స్టాండులో వ్యాన్లన్నీ ఆవిడ పంపితేనే మీ దగ్గరికి వచ్చేవి. గాలి అరుగుడైతే గాలి పట్టించుకోమని పంపేసేది. చేతికి రంపం పళ్ళలా తగిలితే మాత్రం, అలైన్‌మెంట్ తప్పిందని చెప్పి, దీన్ని సరిచేసే చెయ్యి ఊళ్ళో ఒక్కటే ఉందని మీ షాపు చూపించేది."

మేస్త్రి చేతిలోని పానా కింద పెట్టాడు.

"మరి ఇన్నాళ్ళూ ఒక్కరైనా నాతో ఆ మాట అనలేదే?"

"ఆవిడే వద్దనేది అండి. 'నేను పంపానని మాత్రం చెప్పకు బాబూ, అతను నొచ్చుకుంటాడు' అనేది."