ప్రహరీకి గండి

ఇంట్లోకి మోకాళ్ల లోతు నీళ్లొచ్చాయి.

శీనమ్మ బకెట్టుతో తోడి పోస్తూనే ఉంది. తోడిందంతా మళ్లీ గడప దాటి లోపలికే వస్తోంది. రెండు రోజులుగా ఒకటే వాన. ఆత్మకూరు అవతల ఆ పల్లెలో చెరువు అలుగు పారి, వీధంతా ఏరైపోయింది.

ట్రాక్టరు తెస్తానని పొద్దున్నే పోయిన భర్త డేవిడ్‌రాజు ఇంకా రాలేదు. లోపల మంచం మీద తుంటి విరిగిన అత్త ఆనందమ్మ. ఆమె తలవైపు మట్టిగోడ నాని, పెళ్లలు పెళ్లలుగా ఊడుతోంది.

"శీనమ్మా, గోడ కదలతా ఉండాదే!" ముసలామె ఒకటే కేకలు.

"ప్రభువా, నేనొక్కదాన్నే ఏం చేసేది!"

అప్పుడొచ్చాడు, తలకు ఎర్ర తువాలు చుట్టుకున్న ఒక ముసలాయన. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

"పెద్దాయనా, ఒక చెయ్యి పట్టు. మా అత్తను బయటికి తీసకపోదాం."

"ఈదిలో నిలబడలేమమ్మా, కొట్టుకోని పోతాం. గడ్డపార ఉండాదా?"

"ఎందుకు?"

"ఎనక ప్రహరీ పగలగొట్టాల. నీళ్లు పోయే దోవకు అడ్డంగా కట్టినారు."

శీనమ్మకు ఒళ్లు మండింది. పల్లంలోని గుడిసెలు కంటికి కనబడకూడదని మొన్న ఎండాకాలమే పట్టుబట్టి కట్టించుకున్న ప్రహరీ అది!

"ఇల్లు కూలిపోతా ఉంటే ఉన్న గోడ పగలగొడతావా? నీకేమన్నా పిచ్చా?"

"మా ఊరు సోమశిల డ్యాము నీళ్లలో మునిగినప్పుడు సూసినానమ్మా. ఆ మట్టిగోడ ఇంక గంట కూడా ఆగదు."

చూరు కింద గడ్డపార ఆయనకే కనబడింది. శీనమ్మ ఆయన చొక్కా పట్టుకొని లాగింది, నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన వెనక్కి పోయి ప్రహరీని పొడవసాగాడు. పది పోట్లు, ఇరవై పోట్లు. రాళ్లు కదిలాయి. నీళ్లు ఒక్కసారిగా పల్లానికి దూకాయి.

ఇంట్లో నీళ్లు చీలమండలకు దిగాయి. ఆనందమ్మ కేకలు ఆగాయి.

ముసలాయన గండి దగ్గరే నిలబడి చాలాసేపు కిందికి చూశాడు.

"అమ్మా, పాత టార్పాలిన్ పట్ట ఏదన్నా ఉంటే ఇస్తావా?"

"గోడ కూల్చింది చాలక పట్ట కూడానా? పో, పో!"

ఆయన కూలిన రాళ్ల మీదుగా పల్లంలోకి దిగిపోయాడు.

సాయంత్రం డేవిడ్‌రాజు వచ్చాడు. నానిన మట్టిగోడనీ, వెనక గండినీ చూసి మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"ఆ గండి లేకపోతే అమ్మ దక్కేది కాదు. ఎవురు కొట్టినారే?"

"ఎవురో ముసిలాయన. తిట్టి పంపించినా."

శీనమ్మకు సిగ్గుతో చచ్చినంత పనైంది. అటక మీది పట్ట తీసుకొని, ఆయన్ని వెతుక్కుంటూ మొదటిసారి పల్లంలోకి దిగింది.

గండికి ఎదురుగా ఒక గుడిసె నేలమట్టమై ఉంది. పక్క గుడిసె పిచ్చమ్మ ఆ బురదలోంచి చేపల వల లాగుతోంది.

"ఏమ్మా, ఎర్ర తువాలు చుట్టుకున్న పెద్దాయన ఇట్లొచ్చినాడా?"

"మాల్యాద్రన్నా? ఇందాకే సంచి బుజానేసుకోని ఎటో ఎళ్లిపోయినాడు. ఈడ ఆయనకింకేముండాది?"

"అంటే, ఈ గుడిసె..."

"ఆయనదే. 'పైన ముసిలామె కేకలేస్తా ఉండాది పిచ్చమ్మా, ప్రహరీ కొడితే నీళ్లు నా గుడిసె మీదికే వస్తాయి, నువ్వు పక్కకు జరుగు' అని చెప్పే పైకెక్కినాడమ్మా."