ఆకువక్కకు ముందు మాట

సుబ్బన్నలాంటి అన్న కౌతాళంలో మరొకడు లేడని ఊరంతా అంటుంది. ఊరికేం, ఆయనకు చెల్లెలుగా పుట్టిన ఖర్మ దానిది కాదు. ఉచ్చీరమ్మను ఎవరేమడిగినా జవాబు సుబ్బన్నదే. కడుపునొప్పి ఆమెదైనా, ఎక్కడ నొప్పో డాక్టరుకు చూపించేది ఆయనే.

పెళ్లిచూపుల్లోనూ అదే వరస.

"రొట్టెలు సేస్తావా?" అని అడిగాడు నందవరం నుంచి వచ్చిన హుసేనప్ప.

"సేసిందంటే తమలపాకు మాదిరి ఉంటాయప్పా!" అన్నాడు సుబ్బన్న.

హుసేనప్ప భార్య పోయి ఏడాది. ఉచ్చీరమ్మ మొగుడు పత్తిలారీ తోలేవాడు, పోయి ఏడాదిన్నర. మారుమనువుకు మేళాలుండవు. ఇద్దరూ ఆకువక్క మార్చుకుంటే మాట ఖాయమైనట్టే.

హుసేనప్ప తువ్వాలు మూట విప్పి తమలపాకులు చేతికి తీసుకున్నాడు. మనిషి నెమ్మదస్తుడిలాగే ఉన్నాడు. తనను సూటిగా ఒక ప్రశ్న అడిగిన మగవాడు ఈ మధ్య ఇతనొక్కడే. ఉచ్చీరమ్మ గుండె ఆ ఆకుల మీదికే పోయింది.

"అన్నా..." అని అతన్ని పిలవబోయి నాలుక కరుచుకుంది. పెళ్లిచూపుల్లో ఆ పిలుపొక్కటే పనికిరాదు.

"ఆకు తీసుకోకముందే ఒగ మాట సెప్పల్ల."

"ఏం లేదప్పా, పిల్లకు సిగ్గు..."

"నువ్వుండన్నా! మా ఇంటాయప్ప జొరంతో పోలేదు. ఎయిడ్సుతో పోయినాడు. కర్నూల్లో నా రగతం గూడా సూసినారు. నాకూ ఉండాది. నాతో కాపరం సేస్తే నీకూ అంటుతాది."

సుబ్బన్న తలకొట్టుకున్నాడు. "సెప్పొద్దని లక్షసార్లు సెప్తి గదమ్మే! పెండ్లయినాక నిదానంగా..."

"పెండ్లయినాక సెప్పేకి అదేమన్నా పుట్టింటోళ్ల ముచ్చటా? నా మొగుడు నాకు సెప్పల్యా. అదే పని నేనూ సెయ్యల్నా?"

హుసేనప్ప ఆకులు మళ్లీ తువ్వాల్లో చుట్టాడు. లేచాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

"ఎమ్మిగనూరు బస్సు ఇంకా ఉంటాది" అంది ఉచ్చీరమ్మ, నేలవైపు చూస్తూ. అతన్ని సాగనంపే మర్యాద కూడా తనే చేయాల్సి వచ్చింది. అన్న నోరు మొదటిసారి మూతపడింది మరి.

గడప దాకా పోయిన హుసేనప్ప చెప్పులు విడిచి తిరిగొచ్చాడు. చాప మీద కూలబడ్డాడు.

"నీకున్న దైర్నం నాకు లేకపాయె. మా ఆడమనిషి పోయింది గూడా దాంతోనే. నాకూ ఉండాది. సెప్పకుండానే ఆకులిచ్చేవాణ్ణి."

ఉచ్చీరమ్మకు కోపం రావాలో, ఏడుపు రావాలో తెలియలేదు. "ఎందుకు సెప్పల్యా?"

"సెప్తానంటి. మీ అన్నే వద్దనె."

ఇద్దరూ సుబ్బన్నవైపు తిరిగారు. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నీ రగతం కాయితం తెచ్చేకి పోయిన దినం, ఆస్పత్రి వరసలో అదే కాయితానికి నా ముందర నిలబడింది ఈయప్పేమ్మా" అన్నాడు చివరికి. "సెప్తే నువ్వొద్దంటావని నీకు సెప్పల్యా. సెప్తే ఆయప్ప వద్దంటాడని ఆయప్పకూ సెప్పల్యా. తప్పు నాదే."