బుచ్చవ్వ ముందు డప్పు

వాకిట్లో ఫ్రీజర్ పెట్టె ముందు గడ్డి మంట లేచింది.

ఆ మంట మీద కనకయ్య డప్పును గుండ్రంగా తిప్పుతున్నాడు. తోలు వేడెక్కి బిగిసి, వేలితో మీటితే ఖంగుమంటోంది.

పెట్టెలో ఆయన భార్య బుచ్చవ్వ. తెల్ల చీర, గుండెల మీద నల్ల అట్ట బైబిల్.

వచ్చిన చుట్టాలు ఆమెను వదిలేసి డప్పునే చూస్తున్నారు. భార్యాభర్తలిద్దరూ బాప్తిస్మం తీసుకున్న నాడు దూలానికి ఎక్కిన డప్పు అది. ఇన్నేళ్లకు ఇవాళే దిగింది.

"బావా, తోలు ఇంకా పానంతోనే ఉన్నదే!" అన్నాడు ఐలయ్య. వాడలో ఇప్పటికీ డప్పు కొట్టేది ఆయనొక్కడే.

"నేను లేనా పానంతోని? గదీ గంతే."

ఇంతలో జఫర్‌గఢ్ రోడ్డు మీద నుంచి పాస్టర్ సునీల్ బైకు వచ్చి ఆగింది. మంట చూడగానే ఆయన మొహం మాడింది.

"ఏంది తాతా ఇది? రక్షణ పొందిన ఇంట్ల డప్పా?"

"మా ఇంటిదాన్ని సాగనంపుతున్న అయ్యగారూ."

"పాటలున్నయి, ప్రార్థన ఉన్నది. డప్పు పూనకాలకు కొట్టేది. గది మోగిన చోట దేవుని శక్తి నిలవది."

కనకయ్య చేతులు ఆగలేదు.

"సముద్రాన్ని నడుమకు చీల్చినోడు గదా ఆయన?"

"అవును."

"యెరికో గోడలు కూలగొట్టినోడు. బొందల మురిగిపోతున్న లాజరును పేరు పెట్టి పిలిచి లేపినోడు."

"ఆమేన్," అన్నాడు పాస్టర్, అలవాటు కొద్దీ.

"గసొంటోడు నా మేకతోలుకు జడిసి ఉరుకుతడా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

ఆ నవ్వు పాస్టర్‌కు గుచ్చుకుంది.

"డప్పు మోగితే నేను బొందలగడ్డకు రాను. ప్రార్థన లేకుంటనే మట్టి పోసుకుంటరు. నీ ఇష్టం."

చిన్న బెదిరింపు కాదది. మంచాన పడ్డాక బుచ్చవ్వ అడిగింది ఒక్కటే. ప్రార్థన లేకుంట నన్ను మట్టిల పెట్టకుండ్రి, అని. అది కనకయ్య చేతిలో చెయ్యి వేసి అడిగింది.

కొడుకు ఇమ్మానుయేల్ తండ్రి పక్కన గొంతుక్కూర్చున్నాడు. భూపాలపల్లి బొగ్గు బాయిలో పని. గోళ్లలో ఇంకా నలుపు పోలేదు.

"నాయినా, గీ డప్పు కొట్టినన్ని దినాలు మనల్ని ఏమని పిల్చిండ్రో మర్సినవా? గా పిలుపు మాన్పిచ్చనీకె గదా అమ్మ మనల్ని చర్చికి తోల్కపోయింది?"

"పిల్చినోళ్లది తప్పైతే డప్పుకెందుకురా శిక్ష?"



ఊళ్లో ఎవరు పోయినా కనకయ్యే ముందు నడిచాడు. దొర పోయినప్పుడు వేళ్లు పగిలి డప్పు మీద నెత్తురు మరకలు పడేదాకా కొట్టాడు. ఆ దొర బతికుండగా ఈయన్ని అరుగు మీద కాలు పెట్టనియ్యలేదు. అలాంటివాళ్లందరినీ ఊరు దద్దరిల్లేలా సాగనంపి, కట్టుకున్నదాన్ని మాత్రం నోరు మూసుకుని పంపాలట.

కనకయ్య లేచాడు. డప్పును భుజానికి తగిలించాడు.

పాస్టర్ బైకు వెనక్కి తిరిగింది.

బుచ్చవ్వను ఫ్రీజర్‌లోంచి కర్ర పెట్టెలోకి మార్చి, ఆ పెట్టెను భుజాలకెత్తారు. కనకయ్య ముందుకు వచ్చి మొదటి దెబ్బ వేశాడు.

రెండు దెబ్బలు పడగానే ఐలయ్య తలెత్తాడు. నాలుగు పడేసరికి ఇమ్మానుయేల్ నడక తడబడింది.

"నాయినా! గది పెండ్లి దెబ్బ!"

"తెల్సు."

"జనం నవ్వుతరే. సావుదెబ్బ కొట్టు."

"సచ్చిందని ఎవడన్నడురా? నిన్న అయ్యగారే మైకుల చెప్పిండు గదా, మీ అమ్మ ప్రభువుల నిద్రపోయిందని. నిద్రపోయినోళ్లకు సావుదెబ్బ కొడ్తరా?"

ఇమ్మానుయేల్ పెట్టెను భుజం మీద సర్దుకుని, తెలియకుండానే ఆ దెబ్బకు అడుగు కలిపాడు.

బొందలగడ్డలో పెట్టెను గుంతలోకి దించారు. అందరూ ఒకసారి రోడ్డు వైపు చూశారు. రోడ్డు ఖాళీ.

చర్చిలో ఎప్పుడూ చెప్పుల దగ్గర కూర్చుని, ఒక్కనాడూ నోరు విప్పని మనిషి కనకయ్య. ఇప్పుడు ఆకాశం వైపు మొహం ఎత్తాడు. కళ్లు మూయలేదు.

"ప్రభువా, నాకు మాటలు రావు. ప్రార్థన లేకుంట మట్టిల పెట్టకుమన్నది. అందుకే నేనే నిలవడ్డ."

గొంతు సవరించుకున్నాడు.

"దొర శక్తి చూసిన. పోలీసోళ్ల శక్తి చూసిన. గవన్నీ మనిషిని తొక్కనీకె. నీ శక్తి లేపనీకె అని నా బుచ్చవ్వ చెప్పింది. ఇది చెప్తే నమ్మిన. నువ్వు చెప్తే కాదు."

ఆడవాళ్లలో ఎవరో "ఓ దేవా" అన్నారు, భయంగా.

"నా పని నేను జేస్త. నీ పని నువ్వు జెయ్. లాజరును పిల్చినట్టు దీన్ని పిలువు."

గుంత అంచుకు వచ్చి కొట్టాడు. చెట్ల మీది కాకులన్నీ లేచిపోయేలా కొట్టాడు. వయసు మర్చిపోయి, చుట్టూ ఉన్నవాళ్లను మర్చిపోయి కొట్టాడు.

ఉన్నట్టుండి అరచెయ్యి తోలు మీద అదిమి మోత ఆపాడు.

వంగి, గుంత వైపు చెవి పెట్టాడు.

మట్టి ఎత్తిన పారలు ఎత్తినట్టే ఆగాయి.