ఊదారంగు చొక్కాలు

జెనీన్ మొగుడి సంచీలో మేజోళ్ళు కుక్కుతోంది. టెనెసీలో ఓ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు మెరిల్‌ను దాడి ఆట నేర్పే కోచ్‌గా తీసుకుంది.

“పోయినేడు పన్నెండు ఆటల్లో రెండే గెలిచారటగా. నిన్ను పిలిచారంటే ఎంత గతిలేక ఉన్నారో!”

ఇలాంటి మాటకి ఎప్పుడూ పగలబడి నవ్వే మెరిల్ ఈసారి నవ్వలేదు.

కోచ్ ఇంట్లో పాత జట్టు రంగు ఎవరూ తొడగకూడదు. అందుకని కొత్త కాలేజీ ముందే ఇంటిల్లిపాదికీ తన రంగు చొక్కాలు పంపిస్తుంది. ఊదారంగు చొక్కాలున్న ఆ పెట్టె పొద్దున్నే వచ్చింది. పాత ఎర్రవన్నీ జెనీన్ నిన్ననే చర్చికి ఇచ్చేసింది.

తొమ్మిదేళ్ళ టెస్ పెట్టె కెలికింది. “నాన్నా, అన్నీ నీవే! నాదేదీ?”

“వెనకాల వస్తుందిలే తల్లీ.”

జెనీన్ చొక్కాలు ఒక్కొక్కటే తీసి చూసింది. ఆరూ అతని కొలతవే.

“నాలుగు ఊళ్ళు మారాం. ఎప్పుడూ అందరివీ కలిపే వచ్చాయి. ఈసారి వాళ్ళు మా కొలతలు అడగలేదా?”

“అడిగారు.”

“మరి నువ్వేం చెప్పావ్?”

మెరిల్ తనని తీసుకెళ్ళే కారు కోసం కిటికీలోంచి చూశాడు. “మేలో బడి అయిపోగానే వచ్చి మిమ్మల్ని తీసుకెళ్తాగా. అప్పుడు చూద్దాం.”

టెస్ ఒక చొక్కా తొడుక్కుంది. మోకాళ్ళ దాకా వచ్చింది. “అయితే అప్పటిదాకా ఇది నాది.”

“నాకు కావాలమ్మా,” అంటూ మెరిల్ దాన్ని నెమ్మదిగా విప్పి, మడిచి, సంచీలో పెట్టుకున్నాడు.

జెనీన్ సంచీ జిప్పు లాగి మూసేసింది.

మెరిల్ జనవరి ఎనిమిదిన వెళ్ళాడు. మేలో రాలేదు. ఆ తర్వాతా ఎప్పుడూ రాలేదు.