వరదలో లాప్‌టాప్

తడిసినా పడినా పాడవని ఆఫీసు లాప్‌టాప్‌లు వచ్చాక, వానకూ వరదకూ పని ఆపే వీల్లేకుండా పోయింది. వంశధార నది పొంగుతున్నా కరెంటు ఆఫీసు పని మీద స్తంభాలు చూడ్డానికెళ్లిన పైడమ్మ, ఆమె భర్త గవరయ్య వరదలో చిక్కుకుని ఒక స్తంభాన్ని పట్టుకు వేలాడుతున్నారు. ఆమె మెడకు పట్టీతో తగిలించుకున్న లాప్‌టాప్ మాత్రం "పని ఆగింది, మొదలుపెట్టండి" అంటూనే ఉంది.

"వొగ్గీయే దాన్ని" అన్నాడు గవరయ్య లాప్‌టాప్ పట్టీ లాగబోతూ.

"ఇది పోతే మనకోసం ఎవులొస్తారు?"

లాప్‌టాప్ జాడ పట్టుకుని పడవ వచ్చింది. అందులోని ఆఫీసు మనిషి చెయ్యి చాచాడు. "ముందు లాప్‌టాప్ ఇలా ఇయ్యమ్మా."

పైడమ్మ దాన్ని ఒక చేత్తో గుండెలకు అదుముకుంది. "ముందు మా ఆయన్ని ఎక్కించు బాబూ."

అతను విసుక్కుంటూనే గవరయ్యను పైకి లాగాడు. తానూ పడవెక్కేదాకా పైడమ్మ దాన్ని వదల్లేదు.