ఒకటో గేరులో

కుడివైపంతా నుజ్జయిన కారు ముందు నిలబడి మెకానిక్ ఆమెను అడిగాడు. "సార్ నిద్రపోయారని ఎవరన్నారమ్మా?"

"అందరూ. నేనూ అదే అనుకున్నాను. పక్క సీట్లో నాకు కునుకు పట్టేసింది."

"బ్రేక్ ఆయిల్ మొత్తం కారిపోయిందమ్మా. పెడల్ ఎంత తొక్కినా బ్రేకు పడదు. సార్ ఒకటో గేరుకి దించారు. హ్యాండ్ బ్రేక్ వైరు తెగేదాకా లాగారు. అయినా ఆగకపోతే రోడ్డు పక్క గోడకి రాసుకుంటూ పోనిచ్చారు."

"గోడకా?"

"తన వైపు. మీ తలుపు మీద గీత కూడా పడలేదు, చూడండి."

ఆమె చూసింది. భర్త పోయిన ఈ మూడు నెలల్లో ఆమెకు ఒక్కసారీ ఏడుపు రాలేదు. ఇప్పుడూ రాలేదు. ఫోన్ తీసి మామగారికి చేసింది.

"మామయ్యా, మీ అబ్బాయి చివరిదాకా మెలకువగానే ఉన్నారట."